పౌరసభలో పుట్టిన నమ్మకం గది గడప దాటేదెలా?

ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌కు దగ్గర్లో మాలహైడ్ అనే తీరపట్టణం ఉంది. 2017 ఏప్రిల్‌లో అక్కడి ఒక హోటల్లో మామూలు జనం కొందరు కూర్చుని, ముప్పై ఏళ్లకు పైగా నాయకులు ముట్టుకోవడానికి జంకిన ప్రశ్న మీద ఓట్లు వేశారు. వాళ్లు పార్లమెంటు సభ్యులు కారు, పార్టీ కార్యకర్తలు కారు, నిపుణులూ కారు. దేశ జనాభాలోంచి యాదృచ్ఛికంగా ఎంపికైన 99 మంది సభ్యులు, వాళ్లకు అధ్యక్షురాలిగా సుప్రీంకోర్టు న్యాయమూర్తి మేరీ లాఫోయ్. అదే ఐర్లండ్ సిటిజన్స్ అసెంబ్లీ. తెలుగులో పౌరసభ అనుకోవచ్చు.

ప్రశ్న గర్భస్రావం గురించి. 1983లో ఐర్లండ్ రాజ్యాంగంలో చేర్చిన ఎనిమిదో సవరణ గర్భిణి ప్రాణానికీ కడుపులోని బిడ్డ ప్రాణానికీ సమాన హక్కు ఇచ్చింది. దాంతో అప్పటికే నేరంగా ఉన్న గర్భస్రావాన్ని దాదాపు ఏ సందర్భంలోనూ చట్టం చేసి అనుమతించే వీల్లేకుండా పోయింది. పౌరసభ ఐదు వారాంతాలు కూర్చుని డాక్టర్లను, లాయర్లను, నీతిశాస్త్రం చదివినవాళ్లను, రెండు పక్షాల ప్రచారకులను విన్నది. ఈ పరిస్థితిలోంచి నడిచొచ్చిన స్త్రీల మాటలూ విన్నది. ప్రజల దగ్గర్నుంచి 12 వేలకు పైగా వినతులు వచ్చాయి. చివరికి 87 శాతం మంది ఆ సవరణను ఉన్నది ఉన్నట్టు ఉంచకూడదన్నారు. కారణం అడగకుండా గర్భస్రావానికి అనుమతి ఇవ్వాలని 64 శాతం మంది అన్నారు. ఎన్ని వారాల వరకు అనే విషయంలో మాత్రం తేడాలొచ్చాయి.

రాజకీయ వర్గాలు ఉలిక్కిపడ్డాయి. హోటల్లో కూర్చున్న ఈ కొద్దిమంది ఏదో అనుకున్నారుగానీ దేశం అంత దూరం రాదని చాలామంది లెక్కగట్టారు. 2018 మే 25న రిఫరెండం, అంటే దేశమంతా నేరుగా ఓటేసే ప్రజాభిప్రాయ సేకరణ, జరిగింది. సవరణను తీసేయడానికి 66.4 శాతం మంది ఓటేశారు. ప్రశ్న అచ్చంగా అదే కాకపోయినా, పదమూడు నెలల ముందు ఆ గదిలో వచ్చిన 64 శాతానికీ దేశమంతా వేసిన ఓటుకూ మధ్య తేడా రెండు మూడు శాతం మాత్రమే. పార్టీల లెక్క తప్పింది, చీటీ తీసినట్టు ఎంపిక చేసిన ఆ కొద్దిమంది లెక్క సరిపోయింది.

అప్పట్నుంచి పౌరసభ అనే మాట ఎక్కడ వినిపించినా ఐర్లండ్ పేరు వస్తుంది. ప్రజాస్వామ్యం మీద జనానికి నమ్మకం తగ్గిపోతోందని దిగులు పడేవాళ్లు దీన్నొక మందులా చూపిస్తారు. ఆ దిగులుకు ఆధారం ఉంది. ఎక్కువగా సంపన్న దేశాలున్న ఓఈసీడీ కూటమి 2023లో 30 దేశాల్లో చేసిన సర్వేలో, తమ జాతీయ ప్రభుత్వం మీద ఓ మోస్తరు నమ్మకమో గట్టి నమ్మకమో ఉందన్నవాళ్లు 39 శాతమే. పెద్దగా లేదు, అసలే లేదు అన్నవాళ్లు 44 శాతం. అదే సర్వేలో ఇంకో అంకె ఉంది, అది మరీ ముఖ్యమైనది. ప్రభుత్వం చేసే పనుల్లో మాలాంటివాళ్ల మాట చెల్లుతుంది అనుకునేవాళ్లలో 69 శాతం మంది ప్రభుత్వాన్ని నమ్ముతున్నారు. చెల్లదనుకునేవాళ్లలో నమ్మేది 22 శాతం మందే. మాట చెల్లడానికీ నమ్మకానికీ అంత దగ్గర సంబంధం ఉన్నప్పుడు, మామూలు మనిషి మాట చెల్లే ఏర్పాటు చేస్తే నమ్మకం దానంతటదే తిరిగొస్తుందని ఎవరికైనా ఆశ పుడుతుంది.

ఆ ఆశలో ఒక చిక్కు ఉంది. పౌరసభలో కూర్చునేది వందమంది. నమ్మకం పోగొట్టుకున్నది లక్షలు, కోట్ల మంది. లోపల కూర్చున్నవాళ్లకు కలిగిన నమ్మకం బయట ఉన్నవాళ్లకు ఏ దారిన చేరుతుంది? గత ఇరవై ఏళ్లకు పైగా జరిగిన సభల్లో కొన్ని ఎందుకు పనికొచ్చాయో, కొన్ని ఎందుకు ఉన్న చేదును ఇంకా పెంచాయో ఈ ప్రశ్న పట్టుకుని చూస్తేనే అర్థమవుతుంది.

గదిలో ఏం జరుగుతుంది

ముందు ఆ వందమంది ఎలా వస్తారో చూడాలి. పద్ధతి దాదాపు అన్నిచోట్లా ఒకటే. ముందు వేల ఇళ్లకు ఉత్తరాలు వెళ్తాయి. వస్తామన్నవాళ్లలోంచి రెండోసారి డ్రా తీస్తారు. ఈసారి వయసు, ఆడ మగ, చదువు, ప్రాంతం లాంటివి దేశ జనాభాలో ఏ పాళ్లలో ఉన్నాయో సభలోనూ అదే పాళ్లలో ఉండేలా చూస్తారు. 2020లో బ్రిటన్‌లో జరిగిన వాతావరణ పౌరసభకు 30 వేల ఇళ్లకు ఉత్తరాలు పంపితే 1,700 మందికి పైగా వస్తామన్నారు. చివరికి సభలో ఉన్నది 108 మంది. వాతావరణ మార్పు గురించి ఎంత ఆందోళన ఉంది అనే ప్రశ్న కూడా అక్కడ ఎంపికలో ఒక కొలత. అది లేకపోతే ఆ విషయం మీద ముందే వేడెక్కి ఉన్నవాళ్లతో గది నిండిపోతుంది.

ఆలోచన కొత్తది కాదు. ప్రాచీన ఏథెన్స్‌లో 500 మంది సభ్యుల మండలిని, కోర్టుల్లో తీర్పు చెప్పేవాళ్లను చీటీ పద్ధతిలోనే ఎంచుకునేవాళ్లు. చీటీ ప్రజాస్వామ్య లక్షణం, ఎన్నిక కొద్దిమంది పాలన లక్షణం అని అరిస్టాటిల్ కాలంలో అందరికీ తెలిసిన మాట. ఈ కాలంలో దాన్ని మళ్లీ బతికించింది 1970ల్లో జర్మనీలో పీటర్ డీనెల్, అమెరికాలో నెడ్ క్రాస్బీ. ఇద్దరూ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే చిన్న చిన్న పౌర జ్యూరీలతో మొదలుపెట్టారు.

గదిలో ఏడెనిమిది మందికి ఒక బల్ల. ఒక్కో బల్ల దగ్గర చర్చ నడిపించే మనిషి ఒకరు. ఆ మనిషి పని అభిప్రాయం చెప్పడం కాదు. గట్టిగా మాట్లాడేవాడు బల్లంతా ఆక్రమించకుండా, నోరు విప్పనివాళ్లకు వంతు వచ్చేలా చూడటం. నిపుణులు వచ్చి చెప్తారు, సభ్యులు ప్రశ్నలడుగుతారు, మళ్లీ బల్లల దగ్గర మాట్లాడుకుంటారు. ఇలా నెలల తరబడి సాగుతుంది. ఐర్లండ్‌లో నిపుణుల ప్రసంగాలు ప్రత్యక్ష ప్రసారం అయ్యేవి. బల్లల దగ్గర మాటలు మాత్రం కెమెరాకు దూరంగా ఉంచారు. తప్పు మాట్లాడతానేమో అనే టెన్షన్ లేకపోతేనే మనిషి తన అభిప్రాయాన్ని మార్చుకోగలడు.

ఇలా కూర్చున్నవాళ్లలో మార్పు వస్తుందనడానికి చాలాచోట్ల రుజువులున్నాయి. విషయం తెలుస్తుంది, అవతలి పక్షం వాళ్లు దుర్మార్గులు కారని అర్థమవుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, నిర్ణయం తీసుకోవడం ఎంత కష్టమో చేతికి తగులుతుంది. ఒకదాన్ని కాపాడాలంటే ఇంకోదాన్ని వదులుకోవాల్సిన స్థితిలో నిలబడి చూసినవాళ్లకు నాయకుల మీద కోపం పూర్తిగా పోకపోవచ్చుగానీ, ఆ కోపం కచ్చితమవుతుంది. ఎక్కడ నిజంగా మోసం జరిగిందో, ఎక్కడ పని నిజంగానే కష్టమో తేడా తెలుస్తుంది. పౌరసభ ఇచ్చేవాటిలో అన్నిటికంటే విలువైనది ఇదే అనిపిస్తుంది. నమ్మకం అంటే కళ్లు మూసుకోవడం కాదు కదా. ఎవర్ని ఎంతవరకు నమ్మాలో తెలిసి నమ్మడమే ప్రజాస్వామ్యానికి కావాల్సింది.

కానీ ఇదంతా ఆ వందమందికి. బయటివాళ్లకు ఐదు వారాంతాలు లేవు, బల్ల లేదు, నిపుణులు లేరు. వాళ్లకు కనిపించేది చివర్లో వచ్చే ఒక నివేదిక మాత్రమే.

57.7 శాతం సరిపోని చోట

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ఈ సమస్యను అందరికంటే ముందు ఎదుర్కొంది. 1996 ఎన్నికల్లో అక్కడ తక్కువ ఓట్లు వచ్చిన పార్టీ ఎక్కువ సీట్లతో అధికారంలోకి వచ్చింది. 2001లో 58 శాతం లోపు ఓట్లతో లిబరల్ పార్టీ 79 సీట్లలో 77 గెలుచుకుంది. ఓడినవాళ్లకే కాదు, గెలిచినవాళ్లకూ ఈ ఎన్నికల పద్ధతిలో ఏదో లోపం ఉందని అర్థమైంది. దాన్ని మార్చడం నాయకుల చేతిలో పెడితే ఎవరి లాభం వాళ్లు చూసుకుంటారు. అందుకని 2004లో ఒక్కో నియోజకవర్గం నుంచి ఒక పురుషుడు, ఒక స్త్రీ, ఆదివాసుల నుంచి ఇద్దరు, మొత్తం 160 మందితో పౌరసభ పెట్టారు. దాదాపు ఏడాది పాటు వాళ్లు ప్రపంచంలోని ఎన్నికల పద్ధతులన్నీ చదివారు. ఊరూరా సమావేశాలు పెట్టి జనం మాట విన్నారు. చివరికి 146 మంది కొత్త పద్ధతికి ఒప్పుకున్నారు, ఏడుగురే కాదన్నారు.

2005 మేలో రిఫరెండం పెట్టారు. ప్రభుత్వం ముందే ఒక గీత గీసింది: 60 శాతం రావాలి. వచ్చింది 57.7 శాతం. 79 నియోజకవర్గాల్లో 77 చోట్ల మెజారిటీ వచ్చినా మొత్తం మీద గీత దాటలేదు. 2009లో మళ్లీ అడిగితే మద్దతు 39 శాతానికి పడిపోయింది.

ఈ మధ్యలో ఏం జరిగింది? 2005 ఓటర్ల మీద పరిశోధకులు చేసిన పని చూస్తే ఒక విషయం తేలుతుంది. కొత్త పద్ధతి వివరాలు చాలామందికి అర్థం కాలేదు. అసలది ఓట్ల బదిలీ లెక్కలున్న పద్ధతి, ఒక పేరాలో చెప్పడం కష్టం. అయినా పౌరసభ గురించి విన్నవాళ్లు దానివైపు మొగ్గారు. కొందరేమో వీళ్లూ మనలాంటివాళ్లే, వీళ్లకు స్వార్థం ఏముంటుంది అనుకున్నారు. ఇంకొందరు వీళ్లు ఏడాది చదివారు కాబట్టి తెలిసే చెప్పి ఉంటారనుకున్నారు. దారులు వేరైనా చేరింది నమ్మకానికే. అసలు పౌరసభ సంగతే తెలియనివాళ్లు మాత్రం అర్థంకాని మార్పును కాదన్నారు. అది సహజం. సభ తన నివేదిక ఇవ్వగానే రద్దయిపోయింది. ఇదీ మేము చేసిన పని అని ఊరూరా చెప్పడానికి డబ్బు, వ్యవస్థ ఏమీ మిగల్లేదు. 2009 నాటికి ఆ 160 మంది జ్ఞాపకం కూడా మసకబారింది. అప్పుడు ఓటర్ల ముందు ఉన్నది ఒక చిక్కు లెక్క మాత్రమే, ఆ లెక్క వెనక ఉన్న మనుషులు కాదు.

పౌరసభకు పెట్టే ఖర్చులో సగం సభ ముగిశాక పెట్టాలని అడిగితే అత్యాశ అనిపించవచ్చుగానీ, బ్రిటిష్ కొలంబియా అనుభవం చెప్పేది దాదాపు అదే.

ఒక కాగితం చేసే పని

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం ఇదే చిక్కుకు చాలా సాదాసీదా మార్గం కనిపెట్టింది. అక్కడ చట్టాల మీద ఓటర్లే నేరుగా ఓటేసే పద్ధతి ఉంది. ఒక్కో ప్రతిపాదన చుట్టూ రెండు పక్షాలు కోట్లు ఖర్చుపెట్టి ప్రకటనలు గుప్పిస్తాయి. 2010 నుంచి కొన్ని ప్రతిపాదనల మీద ఇరవై, ఇరవై నాలుగు మంది ఓటర్లను యాదృచ్ఛికంగా ఎంచి కొద్ది రోజులు కూర్చోబెట్టారు. వాళ్లు రెండు పక్షాలనూ, తటస్థ నిపుణులనూ ప్రశ్నించి ఒకే ఒక్క పేజీ రాసేవాళ్లు: ఇవి నిజమని తేలిన విషయాలు, ఇవి సమర్థించడానికి కారణాలు, ఇవి వ్యతిరేకించడానికి కారణాలు. ఆ పేజీ ప్రతి ఓటరు ఇంటికీ ప్రభుత్వం పంపే కరపత్రంలో అచ్చయ్యేది.

2010లో కొన్ని నేరాలకు కనీస శిక్షలు పెంచే ప్రతిపాదన మీద 24 మందిలో 21 మంది వ్యతిరేకించారు. ఆ పేజీ చదివినవాళ్లలో ఆ ప్రతిపాదనకు మద్దతు బాగా తగ్గిందని పరిశోధకులు గమనించారు. అయినా అది నెగ్గింది, ఎందుకంటే చదవనివాళ్లే ఎక్కువ. ఓటమిలా కనిపించే ఈ ఫలితంలోనే అసలు పాఠం ఉంది. ఆ పేజీ ఓటరు బదులు నిర్ణయం తీసుకోదు. మీలాంటి ఇరవై నాలుగు మంది ఐదు రోజులు కూర్చుని చూసింది ఇదీ, ఇక మీ ఇష్టం అంటుంది. గదిలో జరిగిన పనిని ఓటరు చేతిలో పెడుతుంది. ఈ ఏర్పాటుకు చట్టం ఉన్నా రాష్ట్రం నిధులు ఇవ్వలేదు. విరాళాల మీద ఆధారపడాల్సి వచ్చింది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఉపయోగపడే ఏర్పాటు నిధులకోసం చేయి చాచాల్సి రావడం బాధ కలిగించే విషయం.

ఈ కోణంలోంచి ఐర్లండ్ వైపు మళ్లీ చూడాలి. 2018 రిఫరెండం రోజు జరిగిన ఎగ్జిట్ పోల్‌లో నాలుగింట మూడు వంతుల మంది తాము ఎటు ఓటేయాలో తమకు ముందునుంచే తెలుసన్నారు. అంటే పౌరసభ జనం మనసు మార్చిందనడం పూర్తిగా నిజం కాదు. జనం మనసు అప్పటికే మారి ఉంది. ఆ సంగతి నాయకులకు తెలియదు, లేదా నమ్మడానికి భయపడ్డారు. పౌరసభ ఆ భయం తీసింది. ఆ తర్వాత పార్లమెంటు కమిటీ ఆ నివేదికను పట్టుకుని నెలల పాటు బహిరంగంగా చర్చించింది. అంతకుముందు మాట్లాడటానికి తడబడిన సభ్యులు సాక్ష్యాలు ముందు పెట్టుకుని మాట్లాడారు, కొందరు మేము అభిప్రాయం మార్చుకున్నామని బయటికే చెప్పారు. పౌరసభ జనానికి నాయకుల మీద నమ్మకం పెంచుతుందని అందరూ అంటారు. ఐర్లండ్‌లో అంతకంటే ముందు జరిగింది, నాయకులకు జనం మీద నమ్మకం కలగడం. ఈ రెండో దిశ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

వడపోత లేకుండా అన్న మాట

ఫ్రాన్స్ కథ వేరు. 2018 నవంబరులో ఇంధన పన్ను పెంపు మీద మొదలైన పసుపు జాకెట్ల ఉద్యమం దేశాన్ని కుదిపేసింది. పన్ను వాతావరణం కోసమే అని ప్రభుత్వం చెప్పింది. భారం అంతా బస్సు, రైలు లేని పల్లెల్లో సొంత బండి మీద ఆధారపడే మాపైనా అని జనం అడిగారు. దానికి జవాబుగా అధ్యక్షుడు ఇమ్మాన్యుయేల్ మక్రాన్ వాతావరణం మీద పౌర సమావేశం ప్రకటించారు. యాదృచ్ఛికంగా ఎంచిన 150 మందికి ఒక పని అప్పజెప్పారు: 1990తో పోలిస్తే 2030 నాటికి భూమిని వేడెక్కించే వాయువులను కనీసం 40 శాతం తగ్గించే మార్గాలు చెప్పాలి, అదీ సామాజిక న్యాయం చెడకుండా. వాళ్లు ఏది చెప్పినా వడపోత లేకుండా పార్లమెంటుకో రిఫరెండానికో పంపుతాననీ లేదా నేరుగా అమలు చేస్తాననీ మాటిచ్చారు.

ఆ 150 మంది ఆ మాట నమ్మారు. 2019 అక్టోబరు నుంచి 2020 జూన్ దాకా, మధ్యలో కరోనా వచ్చినా, వారాంతాలు వదులుకుని పనిచేశారు. న్యాయ నిపుణులను పక్కన పెట్టుకుని, కొన్నిటిని చట్టం భాషలోకి మార్చే దాకా తీసుకెళ్లి, 149 ప్రతిపాదనలు ఇచ్చారు. అధ్యక్షుడు మూడింటిని పక్కన పెట్టి 146 ఒప్పుకుంటున్నానన్నారు. ఎక్స్‌ప్రెస్ రోడ్ల మీద వేగం 110 కిలోమీటర్లకు తగ్గించాలన్నది ఆ మూడింటిలో ఒకటి. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. తర్వాత ఒక్కొక్కటీ సన్నబడుతూ వచ్చింది. రైల్లో నాలుగు గంటల్లో చేరగలిగే చోట్లకు దేశంలో విమానాలు ఆపాలని సభ్యులు అడిగారు, చట్టంలోకి వచ్చింది రెండున్నర గంటలు. 150 మంది రాసినంత మాత్రాన అది బైబిలో ఖురానో అయిపోదని 2020 డిసెంబరులో అధ్యక్షుడే ఒక ఇంటర్వ్యూలో అన్నారు. 2021 ఫిబ్రవరి చివర్లో సభ్యులు మళ్లీ కూడి, తమ ప్రతిపాదనలను ప్రభుత్వం ఎంతవరకు పట్టించుకుందో మార్కులు వేశారు. సగటు పదికి 3.3.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఎన్నికైన పార్లమెంటుకు సిఫార్సులను మార్చే హక్కు ఉంది. 149 ప్రతిపాదనలు అక్షరం పోకుండా అమలు కావాలనడం ప్రజాస్వామ్యం కాదు. తప్పు మార్చడంలో లేదు, వడపోత ఉండదని ముందు మాటివ్వడంలో ఉంది. మేము వింటాం, ప్రతిదానికీ కారణంతో జవాబిస్తాం, చివరి మాట పార్లమెంటుది అని మొదటే చెప్పి ఉంటే అదే ఫలితం ఇంత చేదుగా మారేది కాదు. నెలల తరబడి పనిచేసిన 150 మంది టీవీల ముందుకొచ్చి మాట తప్పారని చెప్తే, లక్షలమంది బయటివాళ్లకు చేరేది ఆ ఒక్క వాక్యమే. లోపలి నమ్మకం బయటికి పాకినంత సులువుగా, లోపలి నిరాశ కూడా పాకుతుంది. బహుశా ఇంకా సులువుగా.

ఫ్రాన్స్ ఈ దెబ్బ నుంచి కొంత నేర్చుకుంది. జీవితపు చివరి దశ వైద్యం మీద 2022, 2023లో జరిగిన సభలో 184 మంది కూర్చున్నారు. మరణానికి సాయం కోరే హక్కు ఇవ్వాలని దాదాపు 76 శాతం మంది అన్నారు. కాదన్నవాళ్ల కారణాలను కూడా నివేదికలో వివరంగా చేర్చారు. ఒక్క గొంతుతో మాట్లాడినట్టు కనిపించాలన్న ఆరాటం తగ్గింది. ఓడిన పక్షం తన మాట కాగితం మీద చూసుకోగలిగితే ఫలితాన్ని భరించగలుగుతుంది.

ఐర్లండ్ కూడా జారిపడింది. లింగ సమానత్వం మీద పెట్టిన పౌరసభ, రాజ్యాంగంలో స్త్రీ జీవితాన్ని ఇంటికి ముడిపెట్టిన వాక్యాన్ని తీసేసి, ఇంట్లోనూ సమాజంలోనూ సంరక్షణ పనికి ప్రభుత్వం నిజంగా అండగా నిలవాల్సిన బాధ్యతను రాయాలంది. ప్రభుత్వం రాసిన వాక్యం అంతకంటే మెత్తనిది. కుటుంబంలో జరిగే సంరక్షణకు తోడ్పడటానికి ప్రయత్నిస్తుంది అన్నంత వరకే. వికలాంగుల హక్కుల కోసం పనిచేసేవాళ్లలో కొందరు ఇది మా బరువును మా ఇళ్లమీదే పెడుతోందన్నారు. 2024 మార్చి 8న ఓటింగ్ జరిగితే 73.9 శాతం మంది వద్దన్నారు. అదే రోజు కుటుంబం నిర్వచనం మీద పెట్టిన ఇంకో ప్రశ్నకూ 67.7 శాతం వద్దనే వచ్చింది. పౌరసభ ఓడిందని కొందరు రాశారు. జనం ముందు పెట్టింది పౌరసభ వాక్యమే కానప్పుడు ఆ మాట పూర్తిగా చెల్లదు. ఒకసారి గెలిచిన పద్ధతి పేరు వాడుకుంటే చాలు, దాని పని వదిలేసినా గెలుస్తామనుకోవడం కుదరలేదు.

రానివాళ్ల సంగతి

పౌరసభను సమర్థించేవాళ్లు తేలిగ్గా దాటేసే లోపాలు కొన్ని ఉన్నాయి. ఉత్తరం అందుకున్నవాళ్లలో వస్తామనేది సాధారణంగా వందకు పదిమంది లోపే. వారాంతం పనిచేస్తేనే ఇల్లు గడిచేవాళ్లు, చిన్నపిల్లలున్నవాళ్లు, ప్రభుత్వం నుంచి ఏ ఉత్తరం వచ్చినా చింపి పారేసేంత విసిగిపోయినవాళ్లు రారు. వయసు, చదువు లెక్కలు సరిపెట్టినా ఈ మూడో రకం మనుషులను ఏ లెక్కా పట్టలేదు. నమ్మకం పోయినవాళ్లను తిరిగి తేవడానికి పెట్టిన సభకు నమ్మకం పోయినవాళ్లే రాకపోవడం చిన్న విషయం కాదు. రోజు భత్యం, పిల్లల సంరక్షణ, ప్రయాణ ఖర్చులు ఇస్తే కొంత నయం. బ్రిటిష్ కొలంబియా రోజుకు 150 డాలర్లు ఇచ్చింది. ఐర్లండ్ 2016 సభలో భత్యం ఇవ్వలేదు, మధ్యలో వదిలేసినవాళ్లు ఎక్కువయ్యారు.

అదే సభలో 2018 మొదట్లో ఇంకో సంగతి బయటపడింది. ఖాళీల్లోకి వచ్చిన కొత్త సభ్యుల్లో ఏడుగురిని, ఎంపిక చేసే సిబ్బందిలో ఒకరు ఇంటింటికీ తిరక్కుండా తెలిసినవాళ్ల ద్వారా పట్టుకొచ్చారని తేలింది. గర్భస్రావం మీద ఓటింగ్ అప్పటికే అయిపోయింది. ఆ ఏడుగురు కూర్చున్నది ఒక్క సమావేశంలోనే. అయినా అధ్యక్షురాలు దాన్ని దాచలేదు, వాళ్లను తప్పించి వెంటనే బయటికి చెప్పారు. చీటీ నిజాయితీ మీదే మొత్తం నిలబడి ఉన్నప్పుడు వేరే దారి లేదు.

ఇంకా లోతైన అభ్యంతరం తత్వవేత్త క్రిస్టినా లఫాంట్ లేవనెత్తారు. పౌరసభ చెప్పిందే చట్టం చేస్తే, బయట ఉన్న కోట్లమందిని ఆలోచించకుండా వాళ్లను అనుసరించమన్నట్టే అవుతుంది అంటారామె. గదిలో కూర్చున్నవాళ్లు మొదట బయటివాళ్లలాగే ఉంటారు నిజమే, కానీ బయటికొచ్చేసరికి నెలల చదువుతో మారిపోయి ఉంటారు. అప్పుడు వాళ్లు మనలాంటివాళ్లని ఎలా అనగలం? ఈ వాదనకు బలం ఉంది. దానికి ఒరెగాన్ పేజీ, ఐర్లండ్ రిఫరెండం రెండూ జవాబులే. రెండు చోట్లా ఆ గది నిర్ణయం తీసుకోలేదు, నిర్ణయానికి కావాల్సిన సరుకును బయటికి పంపింది. పౌరసభలకు చట్టం చేసే అధికారమే ఇచ్చేయాలని ఉత్సాహపడేవాళ్లు ఈ జవాబులో ఉన్న హద్దును కూడా చూడాలి.

అలాగే, పౌరసభ అడిగినవాళ్లకు నచ్చే జవాబు ఇస్తుందన్న హామీ లేదు. 2016లో దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం ఇతర దేశాల అణు వ్యర్థాలను తీసుకుని నిల్వ చేసే ఆలోచన మీద సుమారు 350 మందితో పౌర జ్యూరీ పెట్టింది. రాష్ట్ర ప్రధాని జే వెదరిల్‌కు ఆ ఆలోచన మీద మొగ్గు ఉండేది. మూడింట రెండు వంతుల మంది ఏ పరిస్థితిలోనూ వద్దన్నారు. వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి, ఈ పని సరిగ్గా చేయగలదన్న నమ్మకం ప్రభుత్వం మీద లేకపోవడం. పథకం తర్వాత మూలపడింది. పౌరసభ అక్కడ నమ్మకాన్ని పుట్టించలేదు, లేదన్న సంగతిని బయటపెట్టింది. అదీ ప్రభుత్వాలకు ఉపయోగపడే సమాచారమే.

జవాబు చెప్పడం చట్టమైతే

బెల్జియం తూర్పున జర్మన్ మాట్లాడే ప్రాంతంలో జనాభా సుమారు 80 వేలే. 2019 ఫిబ్రవరిలో అక్కడి పార్లమెంటు ఏకగ్రీవంగా ఒక చట్టం చేసింది. 24 మంది పౌరుల శాశ్వత మండలి ఒకటి ఉంటుంది. ఏ విషయం మీద సభ పెట్టాలో ఎంచేది ఆ మండలే, ప్రభుత్వం కాదు. ఆ విషయం మీద పాతిక నుంచి యాభై మందితో పౌరసభ కూర్చుంటుంది. సిఫార్సులు వచ్చాక పార్లమెంటు సభ్యులు, మంత్రి, పౌరులు బహిరంగంగా కలిసి చర్చించాలి. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. ఒప్పుకున్నవి ఎంతవరకు అమలయ్యాయో మండలి వెంటపడి అడుగుతుంది. మొదట ఎంచుకున్న విషయం పెద్దవాళ్లకూ రోగులకూ అందే సంరక్షణ. పతాక శీర్షికలకెక్కే విషయం కాదది, ప్రతి ఇంటికీ సంబంధించినది.

ఇక్కడ విషయం ఎంచుకోవడం, జవాబు అడగడం రెండూ నాయకుల దయ మీద ఆధారపడలేదు. ఫ్రాన్స్‌లో ఒక మనిషి మాట మీద నిలబడింది ఇక్కడ చట్టం మీద నిలబడింది. ఏటా కనీసం ఒక సభ జరుగుతూ పోతే, ఇంత చిన్న ప్రాంతంలో కొన్నేళ్లకు దాదాపు ప్రతి ఒక్కరికీ అలాంటి సభలో కూర్చున్న ఒక పొరుగువాడో, తోటి ఉద్యోగో, చుట్టమో ఉంటారు. అక్కడ ఏం జరిగింది, మీ మాట విన్నారా అని ఎదురుగా అడగొచ్చు. కోట్ల జనాభా ఉన్న దేశంలో 150 మందికి అది సాధ్యం కాదు. అక్కడ ఆ పని ఇంటికొచ్చే ఒక పేజీ చేయాలి, లేదా కారణాలతో అచ్చైన ప్రభుత్వ జవాబు చేయాలి. ఆ రెండింటికీ డబ్బు, గడువు, బాధ్యుడి పేరు సభ మొదలవకముందే రాసిపెట్టి ఉండాలి.